చేతుల బండ దారి

అక్కా,

ఇది ఫోన్లో చెప్పగలిగిన మాటైతే ఎప్పుడో చెప్పేసేవాణ్ణి. మూడుసార్లు నీకు ఫోన్ చేసి, మీ లైబ్రరీలో వాన నీళ్లు కారుతున్న కప్పు గురించి అడిగి పెట్టేశాను.  అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదివాకే తిట్టు.

బావ పోయిన రోజు మన గేటు బయట గొలుసాయన నిలబడి ఉండటం నువ్వూ చూశావు, నేనూ చూశాను. ముప్పై ఏళ్లు సర్వే ఆఫీసులో బావ పటాలు గీస్తే, ఆ పటాల కోసం కొండలూ గుట్టలూ ఎక్కి గొలుసు పట్టి భూమి కొలిచిన మనిషి. మన ముందు గదిలో కిటికీ పక్క కుర్చీ ఆయనదే. ఆయన రాకపోతే ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చునేవాళ్లు కారు. అలాంటి మనిషి చెప్పులు చేతిలో పట్టుకుని ఎండలో నిలబడితే నువ్వు ఎదురు వెళ్లి, "లోపలికి రావద్దన్నయ్యా. మా ఆయన మనసు విరిచేసింది నువ్వే" అన్నావు. ఆయన ఆ చెప్పులు వేసుకోకుండానే రోడ్డు మలుపుదాకా నడిచి వెళ్లిపోయాడు.

అక్కా, చేతుల బండ దారి బయటపెట్టింది ఆయన కాదు. నేను.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున్నే బావ ఫోన్ చేసి, "మంచి కెమెరా తెచ్చుకో. చెప్పులతో రాకు, బూట్లు వేసుకో" అన్నాడు. రెండు గంటలు నడిపించాడు. చివర్లో ఒక బండ కింద పొట్ట మీద పాకాం. లోపల లేచి నిలబడగానే చుట్టూ చేతులు. ఎర్రమట్టిలో ముంచి రాతి మీద అద్దిన అరచేతులు, ముప్పై ఏడు. వేల ఏళ్ల కిందటివని బావ చెప్పాడు. అందులో ఒకటి పసిపిల్లది. నా భుజమంత ఎత్తున ఉంది, ఎవరో ఎత్తుకుని పట్టి వేయించారన్నమాట. బావ ఆ చేతి ముందు కాసేపు నిలబడ్డాడు. తర్వాత గొంతు తగ్గించి, ఎవరో నిద్రపోతున్నట్టు, "పటం గీసినప్పుడు దీన్ని కావాలనే వదిలేశాను. గొలుసన్నకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. నువ్వు మూడోవాడివి. ప్రతి అంగుళం ఫొటో తియ్యి. ఎక్కడిదో మాత్రం ఎవరికీ చెప్పకు" అన్నాడు.

"చెప్పను బావా" అన్నాను.

నాలుగు నెలల తర్వాత ఆ పసిచేతి ఫొటో ఎగ్జిబిషన్‌లో పెట్టాను. బావకు చెప్పలేదు, ఆయన అలాంటి చోట్లకు రాడు. బహుమతి వచ్చింది. వేదిక మీద నిలబడి ఉంటే, ముందు వరసలోంచి ఒక పెద్ద ఫొటోగ్రాఫరు, నేను కెమెరా పట్టిన నాటి నుంచీ ఎవరి మెప్పు కోసం ఎదురుచూశానో ఆయనే, నవ్వుతూ, "బాగుంది కానీ, స్టూడియోలో గోడకి సున్నం కొట్టి పిల్లాడి చేత అద్దించినట్టుంది" అన్నాడు. హాలంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. "అబద్ధమైతే వెళ్లి చూసుకోండి" అని దారి మొత్తం చెప్పేశాను. పాత నీళ్ల ట్యాంకు, ఎండిన వాగు, రెండుగా చీలిన బండ, అన్నీ. నోరు మూసుకునేసరికి ఎవరో ఫోన్లో రాసుకోవడం కనిపించింది. ఎవరు చెప్పారో వారానికల్లా అందరూ మర్చిపోయారు. దారి మాత్రం ఊరంతా పాకింది.

తర్వాతిది నీకు తెలుసు. ఒక్క ఆదివారం రెండొందల మంది. ఫొటోలో రంగు ముదురుగా పడాలని సీసాలతో నీళ్లు కొట్టారు. సరిగా కనపడని చేతుల చుట్టూ సుద్దతో గీశారు. తమ చేతులు సరిపోతాయేమోనని పెట్టి రుద్దారు. మేకుతో పేర్లు చెక్కారు. పసిచేతికి ఇప్పుడు మూడు వేళ్లే ఉన్నాయి.

బావ అక్కణ్ణుంచి వచ్చిన రోజు నేను మీ ఇంట్లోనే ఉన్నాను. భోజనాల బల్ల దగ్గర కూర్చుని, "ముగ్గురికే తెలుసు. నేను చెప్పలేదు. వీడు నాకు మాటిచ్చాడు. ఇంక మిగిలిందెవరు?" అన్నాడు. నేను ఆయనకు ఎదురుగా కూర్చుని ఉన్నాను. అప్పుడు చెప్పి ఉండాల్సింది. రేపు చెబుదాం, ఆయన కాస్త తేరుకున్నాక చెబుదాం అనుకుంటూ ఆరు నెలలు గడిపాను. ఆయన తేరుకోలేదు. పోయి ఎనిమిది నెలలైంది. ఇక ఎవరికి చెప్పినా ఆయనకు చెప్పినట్టు కాదు.

నీ తమ్ముడు

*

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం లైబ్రరీ కౌంటరు దగ్గరే చదివాను. పుస్తకం చేత్తో పట్టుకుని ఎవరో ముందు నిలబడితే తేదీ మార్చకుండా ముద్ర కొట్టి పంపించేశాను. వాళ్ల పుస్తకానికి గడువు ఒక రోజు ముందే అయిపోతుంది ఇక.

అమ్మ పోయాక ఆరో తరగతి నుంచి నిన్ను పెంచాను. అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయి. ఆ రోజు గేటు దగ్గర నీ చెవుల వంక చూడలేదు నేను. నువ్వు నా వెనకే నిలబడి, నా చేత ఆ మాట అనిపించావు. ఏ పాపం ఎరగని మనిషిని, నా భర్త శవం లోపల ఉండగా, గుమ్మం తొక్కనివ్వలేదు నేను. నువ్వు దారి చెప్పినదానికంటే ఇది నాకు ఎక్కువ మంటగా ఉంది. క్షమించానని రాయమని అడగకు. ఇప్పుడు నా వల్ల కాదు.

అయితే నీకు తెలియని సంగతి ఒకటుంది. మీ బావ నిన్ను అక్కడికి ఎందుకు తీసుకెళ్లాడో నువ్వెప్పుడైనా ఆలోచించావా? ఆ వాగుకు అవతల జింకల బొమ్మలున్న ఇంకో గుట్ట ఉండేది. ఆ బొమ్మల్ని కూడా పటంలో చూపించకుండా వదిలేశాడు, జనం రాకూడదని. రిటైరయ్యాక తెలిసింది, దాన్ని క్వారీకి ఇచ్చేశారట. పటంలో ఏమీ లేని గుట్ట కదా అని ఇచ్చారు. ఆ పటం కింద మూలన సంతకం ఈయనదే. మందు పెట్టి పేల్చేదాకా అడ్డుపడే వాళ్లే లేరు, ఉందని తెలిస్తే కదా అడ్డుపడటానికి! అప్పుడు భయపడ్డాడు. చేతుల బండనైనా పురావస్తు శాఖ వాళ్ల కాగితాల మీదికి ఎక్కించాలని, కాపలా పెట్టించాలని, అందుకు ఫొటోలు కావాలని నిన్ను పిలిచాడు. ఆ మాట నీతో చెప్పి ఉంటే సరిపోయేది. అన్నీ కడుపులో దాచుకోవడం ఆయన జబ్బు. ఆయన దాచిపెడితే ఒకటి పోయింది, నువ్వు వేదికెక్కి చెబితే ఇంకోటి పోయింది. ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్పడం మీ ఇద్దరిలో ఒక్కరికీ చేతకాలేదు.

ఇదంతా నాకు తెలిసింది బీరువాలో దొరికిన ఆయన దరఖాస్తు వల్లే. ఈ ఉత్తరంతోనే దాన్నీ పంపుతున్నాను. ఆ చోటును ముందు నుంచీ ఎరిగినవాళ్లు ఇద్దరు సంతకం చేయాలట. మొదటిది ఆయనది. రెండో గీత మీద పెన్సిల్‌తో గొలుసన్న పేరు రాసి, మళ్లీ కొట్టేశాడు. ఎంత గట్టిగా కొట్టేశాడో చూడు, కాగితం చిరిగింది.

నా మాటకు నేను వెళ్లి ఆయన కాళ్లు పట్టుకుంటాను. కానీ ముందు నువ్వెళ్లు. నేను ముందు వెళ్తే నీ తప్పు కూడా నేనే మోసుకెళ్లినట్టవుతుంది. చిన్నప్పటి నుంచి అదే చేశాను, ఇక చెయ్యను.

అక్క

*

అక్కా,

వెళ్లొచ్చాను.

గొలుసాయన వాళ్లది మేడ మీద ఒకటే గది. ఆయన మెట్ల మీద కూర్చుని ఒక పాత కుర్చీకి ప్లాస్టిక్ వైరు అల్లుతున్నాడు. నన్ను చూసి పక్కకి జరిగాడు, కూర్చోమన్నట్టు. నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన చేతులు ఆగలేదు. నేను అయిపోయిందన్నాక వైరు ముడేసి, మిగిలిన కొస కత్తిరించి, అప్పుడు తలెత్తాడు.

"నాకు తెలుసు బాబూ" అన్నాడు.

"ఎలా?"

"ఎలాగేంటి? ముగ్గురికి తెలుసు. నేను చెప్పలేదని నాకు తెలుసు. ఆయన చచ్చినా చెప్పడు."

అప్పుడు మెట్టు మీద కూలబడ్డాను. "మరి బావతో ఎందుకనలేదు? అక్క గేటు దగ్గర అంత మాట అంటే ఎందుకు ఊరుకున్నావు?"

"ఏమనమంటావు? నేను కాదంటే ఇక నువ్వేగా. వాళ్లకి పిల్లల్లేరు. నిన్నే కొడుకనుకున్నాడు మీ బావ. గుట్టల్లో తిరిగేటప్పుడు ఎండకి సోలిపోయినా నీ కబుర్లే చెప్పేవాడు, మావాడు ఫలానా ఫొటో తీశాడని. అలాంటోడికి నిన్ను లేకుండా చెయ్యమంటావా? నేనంటావా, ఆఫీసు స్నేహితుణ్ణి. ఒకణ్ణి పోగొట్టుకోక తప్పనప్పుడు నేను పోతేనే నయం కదా అనుకున్నా." కుర్చీ వంక చూస్తూ, "కాకపోతే ఒక్కసారి అడుగుతాడనుకున్నా. 'నువ్వేనా అన్నా' అని. అడగలేదు. అదే కొంచెం..." అని ఆపేశాడు. 

నేను ఏడ్చాను అక్కా. ఆయన ఊరడించలేదు, వద్దనీ అనలేదు. లోపలి నుంచి వాళ్లావిడ మంచినీళ్లు తెచ్చి నా పక్కన పెట్టి వెళ్లిపోయింది.

దరఖాస్తు చేతికిచ్చాను. చిరిగిన చోట వేలు పెట్టి తడిమాడు. పెన్సిల్ రాతలోని తన పేరు చదువుకున్నాడు. ఆయనకు అర్థమైంది. పెన్ను అడిగి, ఆ కొట్టివేత పక్కనే, చోటు చాలక అంచు మీదికి వంగేలా పూర్తి పేరు రాశాడు. కాగితం మడిచి నాకిస్తూ, "మీ అక్కని రమ్మను. నేనేం మనసులో పెట్టుకోలేదని చెప్పు" అన్నాడు.

"నేను?" అన్నాను.

"నువ్వు ఫొటోలన్నీ వాళ్లకి ఇచ్చెయ్యి. ఎవరు చెప్పారని రాసే చోట నీ పేరు రాయి. ఆ గుట్టకి మాత్రం మళ్లీ పోకు. నేను బతికున్నంతకాలం పోకు."

నిన్న పురావస్తు శాఖకు వెళ్లి దరఖాస్తూ, మూడొందల పన్నెండు ఫొటోలూ అప్పజెప్పాను. వాళ్ల ఫారంలో పాడైన కారణం అన్న గడిలో, దారి బయటపెట్టింది నేనేనని రాసి సంతకం పెట్టాను. గుమాస్తా చదివి నా మొహంలోకి చూశాడు. ముప్పై ఏడు చేతుల్లో ఇప్పుడు ఇరవై రెండు మిగిలాయట. నెలలోపు కంచె వేసి, కాపలా మనిషిని పెడతామన్నారు. ఆ కాపలాకు గొలుసాయన్ని అడుగుదామనుకుంటున్నారని బయటికొచ్చాక తెలిసింది.

నువ్వు త్వరగా వెళ్లి ఆయన్ని చూడు. నేను మాత్రం గుట్టకు వెళ్లను అక్కా. ఈ ఒక్క మాటైనా నిలబెట్టుకుంటాను.

నీ తమ్ముడు