ఎడమచేతి అలవాటు

ఏమండీ, నేను కులాసాగానే ఉన్నాను, బెంగపడకండి.

ఆఫీసు వాళ్లు పంపిన ఈ కంప్యూటరు క్లాసులో నిన్న ఒక ఘనకార్యం చేశాను. ఆఫీసులో ఇరవై ఆరేళ్లు టైపు మిషను కొట్టిన చెయ్యి కదా, వరుస చివరికి రాగానే ఎడమ చెయ్యి దానంతటదే లేచి, కాగితం బండిని వెనక్కి నెట్టే మీటను, ఇక్కడ లేకపోయినా, తోసింది. నా తెర చూద్దామని వంగిన పంతులమ్మ కళ్లజోడు ఎగిరి అవతల పడింది. నాకు తల కొట్టేసినట్టయింది. పరీక్ష తప్పితే కవర్లు అంటించే పనిలో వేస్తారన్న భయం ఎలాగూ ఉంది. మన పెద్దదాని వయసు ఆ పిల్లది. కోప్పడలేదు. "ఇన్నేళ్లూ అన్నం పెట్టిన చెయ్యండీ, దాన్నేమీ అనకండి" అంది. ఇప్పుడు నా వెనక నిలబడి పాఠం చెబుతోంది.

పెద్దదాని దగ్గు తగ్గిందా? మందు మానిపించకండి. చిన్నదానికి నా దీవెనలు.

కార్డులో చోటు అయిపోతోంది. అటక మీది నా టైపు మిషను పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానని రాశారు. ఇక్కడి కంప్యూటరు రెండు ముక్కల ఉత్తరం తీసేయాలన్నా "నిజంగా తీసేయమంటారా?" అని అడుగుతుంది. మీరు అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. వద్దు.