ఆనో లిథారియా రంగస్థలం కింది గేటు గురించి

జూన్ 18

ప్రాచీన కట్టడాల శాఖాధికారి గారి సముఖమునకు,
ఆనో లిథారియా ప్రాచీన రంగస్థలం కాపలాదారు ప్రోకోపిస్ కరాయన్నిస్ సమర్పించుకునే నాలుగో అర్జీ.

అయ్యా,

విషయం: రంగస్థలం ఆవరణలోకి చక్రాల బండ్లు రాకూడదన్న ఉత్తర్వులో అంబులెన్సుకు మినహాయింపు కోరుట, నాకిచ్చిన ప్రశంసాపత్రం రద్దు కోరుట.

1. సదరు ఉత్తర్వు నా అర్జీ మీదనే జారీ అయినదని తమకు తెలియును. నాలుగేళ్ల కిందట వేసవి ఉత్సవానికి సెట్టు సామాను తెచ్చిన లారీ, కింది వాకిలి గడపరాయిని రెండు ముక్కలు చేసింది. రెండు వేల మూడు వందల ఏళ్లు నిలిచిన రాయి. నేను ఏడ్చాను. శాఖవారి అనుమతి కాగితం లేనిదే ఏ చక్రమూ లోపలికి రాకూడదని తమకు రాసుకున్నాను. తొమ్మిది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. అందులో "ఏ చక్రమూ" అన్న మాట నాదే.

2. గత జూలై 9 సాయంత్రం ఆరు గంటలకు వేషాలతో ఆఖరి రిహార్సల్ జరిగింది. విషాద నాటకంలో శోకాలు పెట్టే బృందంలో ఎప్పటిలాగే మన ఊరి ఆడవాళ్లు పదిహేను మంది. నల్ల ఉన్ని దుస్తులు, ఉత్త కాళ్లు, నలభై ఒక్క డిగ్రీల వేడి. వారిలో ఒకామె కూలిపోయింది. రాతిమెట్ల మీద కూర్చుని చూస్తున్న ఊరివాళ్లు చప్పట్లు కొట్టారు. "భలే! అలాగే పడుండమ్మా, లేవకు!" అన్నాడట దర్శకుడు. ఆ చప్పట్లు కింది గేటు దగ్గర నాకూ వినిపించాయి. మనవాళ్లు బాగా చేస్తున్నారని సంతోషించాను.

3. కాసేపటికి అంబులెన్సు వచ్చింది. డ్రైవరు పాన్దెలిస్ మా వీధివాడే. జరిగిన సంభాషణ యథాతథంగా:

"మామా, గేటు తియ్యి! పైన ఎవరో పడిపోయారంట!"

"అనుమతి కాగితం ఉందా?"

"ఏం కాగితం మామా, మనిషి పోతుంటే!"

"చక్రం లోపలికి రాదురా నాయనా. స్ట్రెచరు మోసుకుపోండి. నాలుగొందల మీటర్లేగా!"

ఎక్కడానికి పదకొండు నిమిషాలు, దిగడానికి పద్నాలుగు. బండి అయితే రెండు నిమిషాల్లో పోతుంది. ఆ పదిహేనుగురిలో నా భార్య దియామాందో ఉన్నదని నాకు తెలుసు. పడిపోయింది ఎవరని నేను అడగలేదు. అడగమని ఉత్తర్వులో లేదు.

4. వేళ దాటాక లోపలికి వెళ్లి వచ్చే ప్రతి మనిషి పేరూ రిజిస్టరులో ఎక్కాలి. కనుక వాళ్లు దిగి రాగానే పుస్తకం తెరిచి, "పేషెంటు పేరేంట్రా?" అన్నాను.

పాన్దెలిస్ నా మొహంలోకి చూశాడు. "నువ్వే రాసుకో మామా," అన్నాడు.

దుప్పటి కింద నుంచి ఎడమ పాదం బయటికి వచ్చి ఉంది. బొటనవేలికి ఆ ఉదయం నేను కట్టిన గుడ్డ కట్టు అలాగే ఉంది. పేరు నా చేతిరాతలోనే 47వ పుటలో ఉన్నది. నకలు జతపరిచాను.

5. ఆమె మరణం మీద జరిగిన విచారణలో నా తప్పు లేదని తేల్చారు. సెప్టెంబరులో "విధి నిర్వహణలో చూపిన నిబద్ధతకు" ప్రశంసాపత్రం కూడా పంపారు. అయ్యా, శిక్ష వేసినా బాగుండేది. పత్రాన్ని ఇందుతో వాపసు చేస్తున్నాను.

6. జూలై 3న ఈ ఏటి ఉత్సవం మొదలు. మా ఆవిడ నల్ల దుస్తులను కుదించి రొట్టెల దుకాణం ఎవాన్థియాకు ఇచ్చారు. ఆమెకు రక్తపోటు. నిలబడేదీ అదే చోట, ఎండ నేరుగా మొహాన కొట్టే చోట. నిన్న గేటు దగ్గర ఆగి, "అన్నా, నేను పడితే తీస్తావా?" అని అడిగింది. ఉత్తర్వు ఇంకా మారలేదమ్మా అన్నాను. ఆమె పైకి వెళ్లిపోయింది.

కావున సదరు ఉత్తర్వులో "అంబులెన్సు తప్ప" అన్న రెండు మాటలు చేర్చవలెనని ప్రార్థన. రాళ్ల కోసం రాసుకుంటే తొమ్మిది రోజుల్లో విన్న తమరు, మనుషుల కోసం నాలుగోసారి రాసుకున్న దీనిని కూడా చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఆ రోజు మరీ విధేయుడు,
ప్రోకోపిస్ కరాయన్నిస్

తా.క.: అయ్యా, నేను జవాబు కోసం ఆగలేదు. ఈ ఉదయం పాన్దెలిస్, నేను కలిసి గేటు బందులు ఊడదీసి, దాన్ని మోసుకెళ్లి గోదాములో పడేశాం. తాళంచెవి ఈ కవరులోనే ఉంది. కొత్త గేటు పెట్టిస్తే దానికి వేరే మనిషిని చూసుకోండి. గడపరాయి మళ్లీ పగిలితే పగలనివ్వండి. ఈసారి నేను ఏడవను.