సరిహద్దులో ఆగిన పోలి

మోకా దగ్గర క్యాంపు, బళ్లారి జిల్లా, మైసూరు రాష్ట్రం, 1958

సుబ్బరామి గారికి, కాలవకి ఎగువన కోస్తా రైతుల క్యాంపులో ఉన్న వెంకటరత్నం నమస్కారాలు.

నీళ్ల సంగతి మీరడిగింది న్యాయమే. కాలవ ఒకటే గానీ రాష్ట్రాలు రెండైపోయాయి. మా తూములు మూశామని ఉత్తరం రాస్తే, అది బళ్లారి వెళ్లి గుంతకల్లు తిరిగి మీకందేసరికి నీళ్లు ఇంకిపోతాయి. అందుకని ఒక ఉపాయం. మా వంతు అవగానే పసుపు రాసిన అరటిదొప్ప ఒకటి కాలవలో వదులుతాను. అది కనపడగానే మీ తూము ఎత్తుకోండి, వెనకాలే నీళ్లొస్తాయి.

ఇట్లు,
వెంకటరత్నం

తా.క. దొప్పకి చెక్‌పోస్టులో పర్మిట్ అడగరు. కనుక్కున్నాను.

*

ఆలూరు తాలూకా, ఆంధ్ర

రత్నమప్పకు సుబ్బరామి రాసేది.

నిన్న తెల్లారి కాలవకాడికి పోతే ఒక దొప్ప కాదప్పా, వరసగా వస్తానే ఉండాయి. ఒక్కోదాంట్లో ఆరిపోయిన వత్తి. క్యాంపు క్యాంపంతా నాకే నీళ్లిడిసిందని కండ్లలో నీళ్లు తిరిగినాయి. ఊరోళ్లను పిలిచినా. పక్కీరప్ప తప్పెట తెచ్చినాడు. టెంకాయ కొట్టి, తూమెత్తి కూర్చుంటిమి. పొద్దు నెత్తికెక్కినా నీళ్లు మోకాలు దాటలే, తూముకు అందలే. అందరూ నగినారు.

నాలుగెకరాల వరి పాలకంకి మీద ఉండాది. ఈ తడి తప్పితే అంతా తాలే. మైసూరోళ్లు అంతేలే అంటాండారు మావోళ్లు. కృష్ణా జిల్లాలో పుట్టినోడివి, నువ్వు మైసూరోడివి ఎప్పుడైతివప్పా?

ఇట్లు,
నగుబాటైన సుబ్బరామి

తా.క. పక్కీరప్ప తప్పెట ఇంకా ఆపలే. నీళ్లొచ్చినాకనే ఆపుతాడంట.

*

మోకా క్యాంపు

సుబ్బరామి గారికి నమస్కారాలు.

అవి నా దొప్పలు కావండి. పోలి అనే కోడలు బొందితో స్వర్గానికి వెళ్లిందని, కార్తీకం వెళ్లిన మర్నాడు మా కోస్తా ఆడవాళ్లు దొప్పల్లో దీపాలు పెట్టి పారే నీళ్లలో వదులుతారు. అక్కడైతే కృష్ణలో. ఇక్కడ ఈ కాలవే కృష్ణ. ఈ సంగతి నాకు ముందే తట్టి ఉండాల్సింది, సిగ్గుగా ఉంది. మా వంతు ముగియడానికి ఇంకా వారం ఉంది. క్యాంపంతా ఒప్పుకోకుండా నేనొక్కణ్ణే తూము మూసినా మీదాకా చుక్క రాదు.

ఇట్లు,
వెంకటరత్నం

తా.క. దొప్పలు ఎందాకా వెళ్లాయని మా ఆవిడ సుందరమ్మ అడుగుతోంది. ఎంత దూరం వెళితే అంత పుణ్యమట.

*

ఆలూరు తాలూకా

రత్నమప్పకు,

పుణ్యం యాడికీ పోలేదని చెప్పు. మా తూముకాడ బురదలో దిగబడి ఉండాది. ఒక దొప్పను మా పాడి ఎనుము తినేసె. మిగిలినవి మా ఇంటామె అక్కమ్మ ఏరి, నీడన పెట్టి తడిగుడ్డ కప్పింది. ముత్తైదువల పూజవి, కాళ్లకింద పడగూడదంట. ముందుకు పంపుదామంటే కాలవలో నీళ్లు లేవు. వంతు మీది, నేనేం చేసేది? నాకు కోపం పోయింది. దిగులు మిగిలింది. రోజుకింత వాడుతాండాది వరి.

ఇట్లు,
సుబ్బరామి

తా.క. ఎనుము కులాసా. స్వర్గానికైతే పోలే.

*

మోకా క్యాంపు

సుబ్బరామి గారికి,

మీ ఉత్తరం ఇంట్లో గట్టిగా చదివాను. అదే నా పొరపాటు. పోలి సరిహద్దులో బురదలో కూర్చుందని తెలిసి క్యాంపు ఆడవాళ్లంతా మా అరుగు మీద చేరారు. రెండు రాష్ట్రాల ఇంజనీర్లు వచ్చి చెప్పినా మూయని తూములు, పొయ్యిలు వెలిగేలోపు మూయించారు. ఎదురుచెప్పిన మా పక్కింటి కోటిలింగానికి ఆ పూట అన్నం లేదు. ఈ ఉత్తరం కంటే నీళ్లే ముందొస్తాయి. అక్కమ్మ గారిని దీపాలు వెలిగించి వదలమనండి.

ఇట్లు,
వెంకటరత్నం

తా.క. ఇవి వంతు నీళ్లు కావు, పోలి నీళ్లు. పొలానికి మళ్లించొద్దని మీకు చెప్పమన్నారు. చెప్పాను.

*

ఆలూరు తాలూకా

రత్నమప్పకు,

నీళ్లొచ్చినాయి. అక్కమ్మ తలకు పోసుకుని దీపాలు పెట్టి వదిలింది. అయితే పక్కీరప్ప తప్పెట తెచ్చిననాడు ఎత్తిన తూము మేమెవరూ మూయలేదప్పా. పోలి నేరుగా పోకుండా మా మడిలోకి తిరిగింది. నాలుగెకరాలు చుట్టి, అవతల గండిలోంచి మళ్లీ కాలవలో పడి పోయింది. స్వర్గానికి పోయే ఆడబిడ్డను ఎట్ల అడ్డుకునేది? కంకులు బరువెక్కి వంగుతాండాయి. మీ ఆడోళ్లకు దండం పెట్టినానని చెప్పు. తప్పెట ఆగింది.

ఇట్లు,
కడుపు నిండిన సుబ్బరామి

తా.క. గింజ గట్టిపడేనాటికి ఇంకో తడి కావాల. అక్కమ్మ రెండు దొప్పలు వదలకుండా నీడనే పెట్టుకోనుండాది. అందులో పెద్దది సుందరమ్మ వదినదే అయ్యుంటాదంట. ఈ ఉత్తరం కూడా గట్టిగానే చదువు.