మొసలి మింగిన దర్జీ

బావగారికి,

మీరు తిప్పి పంపిన పుస్తకం, "తల్లి లేని పిల్లకి చావుల కథలా?" అన్న చీటీ అందాయి.

నిజమే, అందులో తన చొక్కా కొలతలకొచ్చిన దర్జీని మొసలి టేపుతో సహా మింగేసి, "మెడ దగ్గర కాస్త బిగుతు" అంటుంది. పాప పడీపడీ నవ్విందని మీకు ఒళ్ళు మండింది. ఎందుకు నవ్విందో మొన్న ఫోన్లో నాకు చెప్పింది.

"పిన్నీ, దర్జీ చచ్చిపోయాడని ఆ పుస్తకంలో రాసేశారు! మా ఇంట్లో అయితే ఊరెళ్ళాడనేవాళ్ళు."

అక్క ఊరెళ్ళిందని మీరు దానికి చెప్పి ఏడు నెలలైంది. ఏ ఊరని అది అడగడం మానేసింది, గమనించారా?

పుస్తకం మళ్ళీ పంపుతున్నాను. ఈసారి మీరే పక్కన కూర్చుని చదివి వినిపించండి. ఆ పేజీ మాత్రం దాటేయకండి.

మీ మరదలు