మూడు అంగన్‌వాడీలు

నవంబర్ 6, గురువారం

అత్తగారు తేల్చేశారు. ఇందుని ఇక చూడలేరట, నడుం నొప్పట. నేను ఉద్యోగంలో చేరతానన్న మర్నాడే వచ్చిన నడుం నొప్పి. మూడేళ్ల పిల్లకి తల్లి ఇంట్లో ఉండాలి అన్నారు. మురళి పక్కనే ఉన్నాడు. టీవీ సౌండ్ పెంచాడు.

ఫార్మా కంపెనీ ప్యాకింగ్‌లో 24న జాయినింగ్. ఆలోపు ఇందుకి చోటు దొరక్కపోతే ఆ ఉద్యోగం పోయినట్టే. పోవాలనే ఈవిడ చూస్తున్నారు. ప్లే స్కూళ్లు మధ్యాహ్నానికే పిల్లల్ని పంపించేస్తాయి. సాయంత్రం దాకా ఉంచేది అంగన్‌వాడీ ఒక్కటే. అది కూలోళ్ల పిల్లలు పడుండే చోటు అన్నారు. ప్లాంటు క్వార్టర్స్‌లో బతికిన మనిషికి పటాన్‌చెరు అంతా కూలోళ్లే.

నవంబర్ 7, శుక్రవారం

వాటర్ ట్యాంకు పక్క సెంటర్. పిల్లలుండాల్సిన వేళకి తాళం. టీచరమ్మ మీటింగుకు పోయిందన్నాడు కిరాణా కొట్టాయన. ఎప్పుడొస్తుందంటే, అది ఆమెకే ఎర్క లేదు అన్నాడు. నవ్వాడు కూడా. నా బతుకు ఆయనకి టైంపాస్.

నవంబర్ 10, సోమవారం

ముత్తంగి వైపు, లారీల రోడ్డు సెంటర్. గోడౌన్ల మధ్య రేకుల గది. గుమ్మం దిగితే లారీలే. టీచర్ ఫోన్లో రైమ్స్ పెట్టి కూర్చుంది. పిల్లల్లో సగం మంది ఒడిశా వాళ్లు, ఆ రైమ్ ఒక్క ముక్క అర్థం కాక గోడలు చూస్తున్నారు. ఒక పిల్లకి ముక్కు కారుతోంది. ఎవరూ తుడవలేదు. నేనూ తుడవలేదు.

ఇక్కడైతే చచ్చినా చేర్చను.

నవంబర్ 11, మంగళవారం

మూడోది ప్రైమరీ స్కూల్ ఆవరణలో. తిట్టడానికి ఏమైనా దొరుకుతుందని మూలమూలా వెతికాను. నేల శుభ్రంగా తుడిచి ఉంది. నీళ్ల బిందె మీద మూత ఉంది. రాధమ్మ టీచర్‌కి యాభై దాటి ఉంటాయి. ఇందుని పేరు అడగలేదు, ఏం తిన్నవ్ బిడ్డా అని అడిగింది. మా పిల్ల కొత్తవాళ్ల దగ్గర నోరు విప్పదు. అలాంటిది, ఇడ్లీ అంది.

రేపటికెల్లి తోల్కరా అంది నాతో. తోలుకురావడానికి నా కూతురేమైనా గేదా? మా తణుకులో పశువుల్నే తోలతారు. ఇంటికొచ్చి మండిపడితే మురళి, ఇక్కడ మనుషుల్నీ అలాగే అంటారు, రేపటి నుంచి వెంట తీసుకురమ్మని అర్థం అన్నాడు. ఇక్కడే పుట్టాడు కదా, అన్నీ వెనకేసుకొస్తాడు.

నవంబర్ 13, గురువారం

దింపి వస్తుంటే ఇందు ఏడవలేదు. నాకెందుకో కోపం వచ్చింది.

నవంబర్ 17, సోమవారం

టీచర్ ఆపి మరీ చెప్పింది. సూపర్‌వైజర్ మేడం చెప్పకుండ వస్తదట, పిల్లల తలకాయలు లెక్కవెడతదట. మంది తక్కువుంటే ఈ సెంటర్‌ను లారీల రోడ్డు దాంట్ల కలిపేస్తరు, బిడ్డను నాగా పెట్టకు తల్లీ అంది. రోజూ అందరికంటే ముందు దింపేది నేను. నీతులు కూడా నాకే.

ఇంట్లో అత్తగారు, పిల్ల చిక్కిపోలేదూ అంటున్నారు ఆశగా. రోజూ గుడ్డు తిని వస్తోంది, మీ చేతి కింద ఉన్నప్పుడు తిన్నదా అన్నాను. గట్టిగానే అన్నాను.

నవంబర్ 19, బుధవారం

సాయంత్రం వెళ్తే గదిలో పిల్లలు పల్చగా ఉన్నారు. టీచర్ గడపలో కూర్చుని, ఇయ్యాల రేపు పిల్లలు యాడొస్తుండ్రమ్మా అంది. ఇంకేదో చెప్పబోతోంది గానీ మురళి రోడ్డు మీద హారన్ కొడుతున్నాడు. వచ్చేశాను.

రేపు అమావాస్య. ఇక్కడివాళ్లు అమావాస్యకి పిల్లల్ని పంపరు కాబోలు. రేపు సెలవు అని తిన్నగా చెప్పొచ్చుగా, ఆ డొంకతిరుగుడు ఎందుకు?

నవంబర్ 20, గురువారం, పగలు 11

ఇందుని పంపలేదు. టీచర్ నుంచి వరసగా మిస్డ్ కాల్స్. ఓటీపీ కోసమే అయి ఉంటుంది, ఏదో యాప్‌లో పిల్లల పేర్లు ఎక్కించాలని ప్రాణం తీస్తుంది. సెలవు రోజు కూడా వదలదు. సైలెంట్‌లో పెట్టాను.

నవంబర్ 21, శుక్రవారం

సెంటర్ ముందు ఆటో. ఆయా చాపలు, బొమ్మలు, గ్యాస్ స్టవ్ ఎక్కిస్తోంది. నిన్న సూపర్‌వైజర్ వచ్చిందట. ఒక్క తల తక్కువైందట. సోమవారం నుంచి పిల్లలందరూ లారీల రోడ్డుకే. రాధమ్మ టీచర్‌ని కొండాపూర్ మండలంలో ఏదో ఊరికి పంపుతున్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. సెలవని చెప్పి ఇప్పుడు మా తలలు లెక్కపెడతారా అని దులిపెయ్యాలని బయల్దేరాను. మురళికి వీక్లీ ఆఫ్, వెంటే ఉన్నాడు. చెయ్యి పట్టి ఆపి, అసలు ఆవిడ ఏమందని అడిగాడు. చెప్పాను. మొహం అదోలా పెట్టాడు. ఇయ్యాల రేపు అంటే ఇవాళా రేపూ అని కాదట. ఈ రోజుల్లో అని అర్థమట. ఈ రోజుల్లో పిల్లలెక్కడ వస్తున్నారమ్మా అని నాతో బాధ చెప్పుకుందట ఆవిడ.

ఆవిడే నా దగ్గరికి వచ్చింది. మస్తు సార్లు ఫోన్ చేసిన, బిడ్డకు పానం బాగలేదా అంది. జ్వరం అన్నాను. ఇందు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. సల్లగనే ఉంది, తగ్గినట్టుంది, పైలంగ చూసుకో అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఆవిడంటే అసహ్యం వేసింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని.

నవంబర్ 24, సోమవారం

లారీల రోడ్డు. ఇందు నా చున్నీ వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే విడదీశాను.

జాయినయ్యాను. లంచ్‌లో అత్తగారి ఫోన్, పిల్ల ఏడ్చిందా అని. లేదన్నాను.