పదిహేడు పట్టీలు

అక్టోబర్ 3, 2024. గురువారం

పొద్దున చిన్న జల్లు. కుళాయి ఆరింటికి వచ్చింది, డ్రమ్ము నింపాను.

ట్రంకుపెట్టెలో ఉన్న బ్లాకుల మూట తీసి రోజలిన్ గారికి ఇచ్చేయమంది ఫ్లోరెన్స్. చర్చిలో కుర్చీలు తుడుచుకోడానికి పనికొస్తాయట. రోజలిన్ గారు మా చర్చి స్త్రీల సమాజం సెక్రటరీ. ఆవిడ అడగలేదు. మా ఆవిడ సొంత తీర్పు.

మూటలో పన్నెండు బ్లాకులున్నాయి. రంగు గుడ్డముక్కలు అతికి కుట్టిన చదరాలు, ఒక్కోటి అడుగు పొడవు, అడుగు వెడల్పు. ఏ రెండూ ఒక రకం కావు. గాలిమర, నక్షత్రం, మెట్లు, ఎగిరే బాతులు. యూట్యూబ్ చూసి, రెండేళ్ళు చేత్తో కుట్టింది. అన్నిటినీ కలిపి ఒక బొంత చేసి కోత పండుగ వేలానికి అర్పిస్తానని చర్చిలో అందరి ముందూ మొక్కుకుంది. జూలైలో పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది, మాట దక్కింది. కుడి చెయ్యి సూది పట్టడం లేదు. ఎడమ చెయ్యి అలవాటు చేసుకోమని ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ చెబుతోంది. ఎడం సేత్తో గరిటైనా తిప్పను, ఇచ్చినోడే తీసుకున్నాడు, ఇంక నానేటి సేత్తాను అంటుంది ఫ్లోరెన్స్. మూడు నెలలుగా గోడవైపు తిరిగి పడుకుంటోంది.

మూట ఇవ్వలేదు. నాతో షాపుకి తీసుకెళ్ళాను.

పండుగ నవంబర్ పదిన. బ్లాకుల మధ్య గుడ్డ పట్టీలు వేసి కలపడమే మిగిలింది. పట్టీలకు రంగు ఎంచాలి. ఇరవై ఆరేళ్ళుగా ఓడలకు జెండాలు కుడుతున్నాను. ఎవరూ నేర్పలేదు, పుస్తకంలో బొమ్మలు చూసి నేర్చుకున్నాను. తిన్నగా కుట్టడం నాకు వచ్చు. ఈ బొంత అవుతుంది.

అక్టోబర్ 5, శనివారం

ఉక్కపోత. నీళ్ళు పట్టాను.

వన్ టౌన్‌లో ఎర్ర కాటన్ పాప్లిన్ తీసుకున్నాను. షాపు నేల మీద పరిచి పైన బ్లాకులు పేర్చాను. పదడుగులు వెనక్కి వెళ్ళి చూస్తే కళ్ళు చెదిరాయి. పక్క మిషను మీద టార్పాలిన్లు కుట్టే దొరబాబు వచ్చి నిలబడ్డాడు. అదిరింది బావా, లైట్‌హౌస్ కాడినుంచి సూసినా కనబడతాది అన్నాడు. మెచ్చుకోలు అనుకున్నాను.

అక్టోబర్ 12, శనివారం

దసరా సెలవు. ఎండ. నీళ్ళు పట్టి, కుంపటి బూడిద తీసేశాను.

ఆరు బ్లాకులకు ఎర్ర పట్టీలు వేసి ఇంటికి తెచ్చాను. మూట ఇవ్వలేదని ఆవిడకు అప్పుడే తెలిసింది. తిడుతుందనుకున్నాను. చాలాసేపు చూసింది. నా బ్లాకులేవండీ అంది. ఇవే కదా అన్నాను. ఎర్రగీతలు కనబడతన్నాయి, నా బ్లాకులేవీ అంది. మనిసి కప్పుకోడానికి కుట్టారా, ఓడని ఆపడానికి కుట్టారా? నా బాతుల్ని జైల్లో ఎట్టీసారు కదండీ.

మళ్ళీ గోడవైపు తిరిగింది.

అక్టోబర్ 13, ఆదివారం

విప్పాను.

అక్టోబర్ 16, బుధవారం

వాన. నీళ్ళు పట్టాను. వంటగది కిటికీకి టార్పాలిన్ ముక్క కట్టాను.

తప్పు ఎక్కడుందో తెలిసింది. జెండాలో ఏ రంగుకి ఆ రంగు మైలు దూరం నుంచి విడిగా తెలియాలి. బొంత మనిషి గడ్డం కింద ఉంటుంది. నేను అన్నీ నిలబడి చూశాను. కళ్ళద్దాలు పెట్టుకుని, ఒళ్ళో వేసుకుని చూడాల్సింది.

రోజలిన్ గారిని ఫోన్‌లో అడిగాను. అందరూ తెలుపే వేస్తారు బ్రదర్, తెలుపైతే పేచీ ఉండదు అన్నారు. తెలుపు పెట్టి చూశాను. బ్లాకులు ఒకదానికొకటి తెలియనివాళ్ళలా ఉన్నాయి. నలుపు పెడితే జ్ఞాపకార్థ కూడికలో ఫోటోల్లా ఉన్నాయి.

అక్టోబర్ 21, సోమవారం

పొడి. నీళ్ళు పట్టాను.

ఫ్లోరెన్స్‌ని అడగను. అడిగితే వద్దంటుంది. ఐదు రంగుల ముక్కలు మూటగట్టి తెచ్చి, మంచం మీద ఆవిడ ఎడమ పక్కన విప్పి పరిచాను. పైన బాతుల బ్లాకు పెట్టాను. ఒక్క మాటా చెప్పకుండా షాపుకి వెళ్ళిపోయాను.

సాయంత్రం వచ్చేసరికి తెలుపు, నలుపు నేల మీద ఉన్నాయి.

అక్టోబర్ 22, మంగళవారం

ఆకుపచ్చ, కాఫీ రంగు నేల మీద.

అక్టోబర్ 23, బుధవారం

గంధం రంగు నేల మీద. అది నాకు నచ్చింది.

అక్టోబర్ 24, గురువారం

తుఫాను గాలి. కుళాయి రాలేదు. వీధి బోరు దగ్గర నాలుగు బిందెలు పట్టాను.

ఒక్క రంగూ మిగల్లేదు. మంచం మీద బాతుల బ్లాకు, దాని కింద నా పాత చొక్కా. ముక్కలు మూటగట్టి తెచ్చింది అందులోనే. షాపువాళ్ళిచ్చే నీలం చొక్కా, ఉతికి ఉతికి ఇప్పుడది ఏ రంగో చెప్పలేం. తీయబోయాను. ఉండనీండి అంది.

వంగి చూశాను. చొక్కా కనబడలేదు. బాతులు కనబడ్డాయి.

ఇలాటివి ఇంకెన్నున్నాయి అని అడిగింది. ఇంకో మూడు అన్నాను. ఆ ఎర్రగుడ్డ ఏటి సేసారు అంది. దాచాను అన్నాను. పట్టీ పట్టీ కలిసిన సోట సిన్న ముక్కెట్టండి, ఆరు సాలు, కూరలో కారం ఎంతెయ్యాలో అంతే ఎయ్యాలి అంది.

మళ్ళీ ఎరుపు నింపేస్తానని భయపడిందేమో, ఆరు అని రెండుసార్లు చెప్పింది.

నవంబర్ 2, శనివారం

ఎండ. నీళ్ళు పట్టాను. చొక్కాల గుండీలు కోసి డబ్బాలో వేశాను.

నాలుగు చొక్కాలూ నాలుగు రకాలుగా వెలిశాయి. భుజాలు పనికిరావు, వీపులు గట్టిగా ఉన్నాయి. ఏ పట్టీ ఎక్కడ వేయాలో ఫ్లోరెన్స్ ఎడమ చెయ్యి చాపి చూపించింది. ముదురువి కాళ్ళవైపు, లేతవి తలవైపు. ఎందుకని అడిగితే, తలకాడ బరువేటి అంది. నేను పేర్చిన వరస మూడుసార్లు మార్పించింది. జెండాలు కుట్టీ కుట్టీ మీ కళ్ళు పోనాయి అంది.

రోజంతా కూర్చునే ఉంది.

నవంబర్ 7, గురువారం

మబ్బు. పొద్దున్నే రాస్తున్నాను, కుళాయి ఇంకా రాలేదు.

పదిహేడు పట్టీలు కావాలి. పదహారే వచ్చాయి. ఆఖరి వీపు మధ్యలో చిరిగింది. పండుగ ఇంకా మూడు రోజులు. కొత్త నీలం బట్ట తెచ్చి ఎంత ఉతికినా మూడు రోజుల్లో అలా వెలిసిపోదు. నిన్న రాత్రి అన్నం దగ్గర ఆ మాట అన్నాను.

ఇది రాస్తుంటే వచ్చి ఎదురుగా నిలబడింది. చేతిలో నా పెద్ద కత్తెర ఉంది. ఎడమ చేతిలో. బొటనవేలు సరిగ్గా దూరలేదు, అయినా పట్టుకునే ఉంది. సొక్కా ఇప్పండి అంది. ఒంటి మీది షాపు చొక్కా రెండేళ్ళదే, ఇంకా వేసుకోవచ్చు అన్నాను. రంగు సరిపోద్ది, ఇప్పండి అంది. షాపుకి టైమవుతోంది అన్నాను. బనీనుతో ఎల్లండి, దొరబాబు సూత్తే సూడనీండి అంది. పోనీ నేను కోసిస్తాను అన్నాను. మీరు ముట్టుకోకండి, నానే కోత్తాను అంది. వంకర పోతుంది అన్నాను. పోతే నా పట్టీ కదా పోద్ది అంది.

రెండు గుండీలు విప్పాను. పెరట్లో కుళాయి గుర్రుమంటోంది, డ్రమ్ము మూత తీసి నీళ్ళు పట్టాలి. తర్వాత బనీనుతోనే షాపుకి.