సిరా పోసే నెపం

సార్,

మీరు లేరని తెలిసీ రాస్తున్నాను. మన రాజురాను మరాఠీ రాష్ట్రంలో కలిపాక, ఇవాళ మొదటిసారి నాలుగో తరగతి పరీక్ష మరాఠీలో జరిగింది. ఒకప్పుడు మీరు పరీక్షకు కాపలా ఉన్న గదిలోనే ఇప్పుడు నన్ను కాపలా వేశారు.

దవాతుల్లో సిరా పోస్తుంటే, కోర్పనా వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల మెల్లగా అడిగింది. "సార్, వజాబాకీ అంటే ఏంది?"

తీసివేత అని చెబితే చాలు. నిజాం కాలంలో, ఉర్దూ ప్రశ్నలో 'తఫ్రీఖ్' అర్థంకాక నేను బిక్కమొహం వేస్తే, మీరు సిరా పోసే నెపంతో వంగి నా చెవిలో చెప్పింది ఆ మాటే.

గుమ్మంలో చాందా నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. "మరాఠీత్ బోల్" అన్నాను. ఆ పిల్ల తల వంచుకుని ఆ లెక్క వదిలేసింది.

సాయంత్రం గేటు దగ్గర వాళ్ళమ్మ అంటోంది. "తెల్వకపోతే సారును అడగొద్దా బిడ్డా?"

"అడిగిన. సారుకు తెలుగు రాదు."

సైకిలు పట్టుకుని వాళ్ళ వెనకే ఉన్నాను. పక్కకు జరగమనడానికి నాకు ఏ భాషా నోటికి రాలేదు, సార్.